బెంగళూరులో ఉండే మనవాళ్లకు: ఆత్మరక్షణ కోసం మనసునీ ఒంటినీ సిద్ధం చేసుకోవడం ఎలా?

మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర నా ఫోన్ పోయి చాలా ఏళ్లయింది. రాత్రి తొమ్మిదిన్నర. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్లు క్యాబ్ ఎక్కడిదాకా వచ్చిందో చూపించే మ్యాప్ మీద. పక్కనుంచి బైక్ వచ్చింది, వెనక కూర్చున్నవాడు ఫోన్ లాక్కున్నాడు, వెళ్లిపోయారు. ఇయర్‌ఫోన్ వైరు నా మెడలో వేలాడుతోంది. చెయ్యి ఇంకా ఫోన్ పట్టుకున్నట్టే గాల్లో ఉంది. నేను కనీసం "ఏయ్" అని కూడా అరవలేదు. స్టేషన్‌లో కానిస్టేబుల్ అడిగిన మొదటి ప్రశ్న "బైక్ ఏ కలర్ సార్?" అని. నాకు తెలియదు. హెల్మెట్లు ఉన్నాయా? తెలియదు. ఎటు తిరిగారు? అదీ తెలియదు.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. అప్పటికి మూడేళ్లుగా నేను కరాటే నేర్చుకుంటున్నాను. ఆ రాత్రి క్లాసు నుంచే వస్తున్నాను. భుజాన బ్యాగులో బ్రౌన్ బెల్టు మడతపెట్టి ఉంది.

అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కౌరవులను చెండాడతానని బయల్దేరిన ఉత్తరకుమారుడు, ఎదురుగా సేన కనబడగానే రథం దిగి పరుగందుకున్నాడు. మనం నవ్వుకుంటాం. కానీ రాజుగారి కొడుకు, విలువిద్య నేర్చుకోకుండా ఉంటాడా? అసలు యుద్ధం ఎలా ఉంటుందో, అక్కడ తను మొట్టమొదట ఏం చెయ్యాలో ఒక్కసారి కూడా మనసులో చూసుకుని ఉండడు. అదే మనిషిని అర్జునుడు పట్టుకొచ్చి పగ్గాలు చేతికిస్తే చివరిదాకా రథం నడిపాడు. భయం పోయిందని కాదు, చేతికి ఒక పని దొరికింది. కింద చెప్పేదంతా ఆ పగ్గాలను ముందే చేతిలో పెట్టుకోవడం గురించే. ఇంటి నుంచి దూరంగా బీటీఎం పీజీలోనో వైట్‌ఫీల్డ్ ఫ్లాట్‌లోనో ఉంటూ నైట్ షిఫ్టులు చేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి మెట్టు: దేనికి తిరగబడతారో, దేనికి తిరగబడరో కాగితం మీద రాయండి

ఇది వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. కానీ అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే అని నా అభిప్రాయం. అందుకే మొదట పెట్టాను.

కాగితం మధ్యలో గీత గీయండి. ఒకవైపు "వదిలేస్తాను", ఇంకోవైపు "వదలను". నా కాగితంలో వదిలేసే వైపు ఉన్నవి: ఫోన్, పర్సు, మెడలో గొలుసు, బండి, కారు బంపర్ మీద గీత, ఎవడో తిట్టిన తిట్టు, పార్కింగ్ తగాదా, "కన్నడ గొత్తిల్వా?" (కన్నడ రాదా?) అని ఎవరైనా గద్దించడం. వదలని వైపు మూడే ఉన్నాయి. నన్నుగానీ నావాళ్లనుగానీ ఉన్న చోటు నుంచి బలవంతంగా ఇంకో చోటికి తీసుకెళ్లాలని చూడటం. ఒంటి మీద చెయ్యి వెయ్యడం. తప్పించుకునే దారి మూసేసి ప్రాణం మీదికి రావడం.

ఉన్న చోటు నుంచి కదిలించడం అనేది ఎందుకంత పెద్ద గీత? రోడ్డు మీద మీ చుట్టూ ఏదో ఒక వెలుతురు, ఎవరో ఒకరు మనుషులు ఉంటారు. కారులోకో గదిలోకో వెళ్లాక అవేవీ ఉండవు. "అరవకుండా వస్తే ఏం చెయ్యను" అనేవాడు మిమ్మల్ని తీసుకెళుతున్నది ఎవరూ చూడని చోటికే. కాబట్టి ఆ గీత దగ్గర ఆలోచన ఉండకూడదు, ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి అక్కడే తేల్చుకోవాలి.

అమెరికా వైమానిక దళంలో కల్నల్‌గా చేసిన జాన్ బాయిడ్ ఒక సంగతి చెప్పాడు. పోరులో ఎవరైనా నాలుగు పనులు తిప్పి తిప్పి చేస్తుంటారు: చూడటం, చూసినదాన్ని అర్థం చేసుకోవడం, నిర్ణయించుకోవడం, చెయ్యడం. ఎవరి చక్రం వేగంగా తిరిగితే వాళ్లది పైచేయి. దాడి చేసేవాడు ఈ నాలుగింట్లో మూడు ముందే పూర్తిచేసుకుని వస్తాడు. మనం అప్పుడే మొదటిదాంట్లో ఉంటాం. కాగితం మీద రాసుకోవడమంటే ఆ మూడో పనిని ఇంట్లో, కాఫీ తాగుతూ, తీరిగ్గా పూర్తిచేసి పెట్టుకోవడం. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగితే లాభమేముంది?

రాసిన కాగితాన్ని ఇంట్లో మిగతావాళ్లకు చూపించండి. భార్యాభర్తల జాబితాలు వేరువేరుగా ఉంటే ఆ తేడా డైనింగ్ టేబుల్ దగ్గరే తేలాలి. ఆయన గొలుసు వదిలెయ్యమంటాడు, ఆమెకు అది పుట్టింటివాళ్లు పెట్టిన గొలుసు. రోడ్డు మీద ఆ వాదన పెట్టుకోలేరు.

రెండో మెట్టు: కళ్లు తెరవడం

అమెరికా మెరైన్స్‌లో పనిచేసి తర్వాత తుపాకీ శిక్షణ ఇచ్చిన జెఫ్ కూపర్ మనసు స్థితికి నాలుగు రంగులు పెట్టాడు. తెలుపు అంటే పరధ్యానం. పసుపు అంటే తీరిగ్గా ఉంటూనే చుట్టూ గమనించడం. నారింజ అంటే ఫలానా మనిషి మీదో చోటు మీదో అనుమానం కుదరడం. ఎరుపు అంటే వాడు ఇంకొక్క అడుగు వేస్తే నేను ఇది చేస్తాను అని తేల్చుకుని ఉండటం. చాలామంది వీటిని ప్రమాదం ఎంత దగ్గరగా ఉందో చెప్పే కొలతలు అనుకుంటారు. కూపర్ ఉద్దేశం అది కాదు. మీరు కదలడానికి మనసు ఎంత సిద్ధంగా ఉందో చెప్పేవి ఇవి. మారతహళ్ళిలో ఆ రాత్రి నాది తెల్లకాగితమంత తెలుపు.

రోజంతా అనుమానంతో బతకమని చెప్పట్లేదు. అలా ఉంటే వారంలో బీపీ వస్తుంది. ఇల్లు దాటితే పసుపు, అంతే. ఎక్కువ ప్రమాదం చోటు మారేటప్పుడే: బస్సు దిగడం, లిఫ్ట్ ఎక్కడం, ఏటీఎం నుంచి బయటికి రావడం, కారు తలుపు తియ్యడం, గేటు తాళం వెయ్యడం. ఆ అరనిమిషం ఫోన్ జేబులో ఉండాలి.

మనవాళ్లందరికీ తెలిసిన ఉదాహరణ చెబుతాను. అనంతపురం నుంచో విజయవాడ నుంచో వచ్చే ప్రైవేటు బస్సు తెల్లవారుజామున నాలుగూ నాలుగున్నరకు టిన్ ఫ్యాక్టరీ దగ్గరో మడివాళలోనో దించేస్తుంది. నిద్రమొహం, రెండు చేతుల్లో లగేజీ, అమ్మ ఇచ్చిన ఊరగాయ సీసా ఎక్కడ పగులుతుందోనని భయం. దిగీ దిగకముందే చుట్టూ ఆటోవాళ్లు. ఆ టైంలో నేను చేసేది ఇది. దిగే స్టాపుకు పావుగంట ముందు అలారం. మొహం కడుక్కోవడానికి చిన్న నీళ్ల సీసా. బూట్లు, లేసులు కట్టుకుని దిగడం, చెప్పులతో కాదు. ల్యాప్‌టాప్ బ్యాగు వీపుకు, మిగతా లగేజీ అంతా ఒకే చేతిలో. క్యాబ్ బస్సులో ఉండగానే బుక్ చేసేస్తాను. దిగాక నాతో దిగిన నలుగురి పక్కనే, టీ బండి వెలుతురులో నిలబడతాను. క్యాబ్ వస్తే ముందు నంబరు ప్లేటు, తర్వాత డ్రైవర్ మొహం, ఆ తర్వాతే ఓటీపీ. వెనక సీటు ఎక్కేముందు తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందో లేదో ఒకసారి లాగి చూస్తాను. ఇదంతా అలవాటైతే ఒక నిమిషం పని.

గమనించడానికి కసరత్తు కూడా ఉంది. దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, ఇడ్లీ తింటూ బయటికి ఎన్ని దారులున్నాయో చూడండి. బయటికి వచ్చాక క్యాష్ కౌంటర్‌లో ఉన్నాయన చొక్కా రంగు గుర్తుచేసుకోండి. రోజూ చూసే బైకుల్లో ఒకదాని నంబరులో చివరి నాలుగంకెలు చెప్పుకోండి. నేను రెండు నెలలు చేశాను. ఇప్పుడు వద్దన్నా కనబడుతున్నాయి.

నడక గురించి ఒక మాట. 1981లో బెట్టీ గ్రేసన్, మోరిస్ స్టైన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, న్యూయార్క్ వీధిలో నడిచే మనుషుల వీడియోలు దాడి కేసుల్లో జైల్లో ఉన్నవాళ్లకు చూపించి, వీళ్లలో ఎవరిని కొట్టడం తేలికని అడిగారు. ఆ ఖైదీలు ఎంచుకున్న మనుషులను మిగతావాళ్ల నుంచి వేరుచేసింది ముఖ్యంగా నడక తీరు, ఒంటి కదలిక. అడుగులు పొందికగా పడుతున్నాయా, కాళ్లూ చేతులూ శ్రుతిలో కదులుతున్నాయా అన్నది లెక్కకొచ్చింది. తల వంచి, ఫోన్ చూసుకుంటూ, కాళ్లీడుస్తూ నడిచేవాళ్లు తామేమిటో దూరం నుంచే చెప్పుకుంటున్నట్టు.

మూడో మెట్టు: దెబ్బకు ముందు వచ్చే గుర్తులు

దాడి ఆకాశం నుంచి ఊడిపడదు. టైం ఎంత, అడ్రస్ ఎక్కడ, చిల్లర ఉందా అని అడుగుతూ అవసరానికి మించి దగ్గరికి రావడం ఒకటి. మీతో మాట్లాడుతూనే అటూ ఇటూ చూడటం మరొకటి, ఎవరైనా చూస్తున్నారేమోనని. ఒక చెయ్యి కనబడకుండా ఉండటం. ఇద్దరుంటే ఒకడు మాట్లాడుతుండగా రెండోవాడు మెల్లగా మీ పక్కకు జరగడం. గొడవ పడుతున్నవాడు ఒక్కసారిగా మాట ఆపేసి, దవడ బిగించి, బరువు ఒక కాలి మీదికి మార్చడం. వీటన్నిటికంటే నేను పట్టించుకునేది ఇంకోటి: "వద్దు" అని స్పష్టంగా చెప్పాక కూడా వదలకపోవడం. మంచివాడికి వద్దన్న మాట ఒక్కసారి చాలు.

దూరం సంగతి. 1983లో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ ఒక లెక్క రాశాడు. కత్తి పట్టుకున్న మామూలు మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడని. అంటే ఒకటిన్నర కారు పొడవు. రెండు చేతుల దూరంలో నిలబడి "ఏం చేస్తాడులే" అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో తమ్ముడితో పరిగెత్తించి చూడండి. అనుమానం వచ్చిన మనిషికీ మీకూ మధ్య ఆగి ఉన్న కారో, బేకరీ బల్లో ఏదో ఒకటి ఉండేలా జరగడం తేలికైన పని.

నాలుగో మెట్టు: నోరు

మా చిన్నాన్న కూతురు బీటీఎంలో పీజీలో ఉంటుంది. ఆదివారం పొద్దున పార్కులో తనకు నాలుగు పాఠాలు చెప్పాను. చెయ్యి విడిపించుకోవడం పది నిమిషాల్లో నేర్చుకుంది. అరవమంటే మాత్రం గొంతు పెగల్లేదు.

"అన్నా, అందరూ చూస్తారు."

"చూడాలనే కదమ్మా అరవమంటున్నది."

మూడో ఆదివారానికి గానీ కడుపులోంచి గొంతు రాలేదు. వచ్చినప్పుడు మాత్రం పార్కులో నడుస్తున్న పెద్దాయన ఒకరు పరుగున వచ్చి నన్ను అనుమానంగా చూశారు. నాకు భలే సంతోషమేసింది.

చిన్నప్పటి నుంచీ ఆడపిల్లను గట్టిగా మాట్లాడనివ్వం. మగపిల్లాడికేమో సాయం అడగటం నామోషీ అని నేర్పిస్తాం. ఈ రెండింటినీ వదిలించుకోవడం కొట్టడం నేర్చుకోవడం కంటే కష్టం. ప్రతిరోజూ స్నానాల గదిలోనో బండి మీద హెల్మెట్‌లోనో ఐదుసార్లు అరవండి. ఈ ఊళ్లో తెలుగులో అరిస్తే అర్థమయ్యేవాళ్లు బోలెడంత మంది ఉన్నా, వీధి భాషలో అరిస్తే వీధి కదులుతుంది. "హత్తిర బరబేడ!" అంటే దగ్గరికి రావద్దు. "ముట్టబేడ!" అంటే ముట్టుకోవద్దు. "కాపాడి!" మనకు చెప్పకుండానే తెలుస్తుంది. "పొలీస్ కరీరి!" అంటే పోలీసులను పిలవండి. గుంపులో ఒకరిని వేలుపెట్టి చూపించి అడగండి: "నీలి చొక్కా అణ్ణా, 112కి ఫోన్ మాడి!" అందరినీ పిలిస్తే ఎవరూ రారు, ఒకరిని పిలిస్తే ఆ ఒకరికి తప్పదు.

నోటికి రెండో పని ఉంది, అది గొడవ చల్లార్చడం. నిజం చెప్పాలంటే ఈ ఊళ్లో ఉద్యోగం చేసుకునే మగవాడికి ఎక్కువగా ఎదురయ్యేది దొంగ కాదు, ట్రాఫిక్. సిల్క్ బోర్డ్ కూడలి దగ్గర నలభై నిమిషాలు ఇరుక్కున్న ఇద్దరు మనుషుల మధ్య అద్దం తగిలితే చాలు. అద్దం దించకండి. దిగకండి. తలుపులు లాక్ చెయ్యండి. అరచేతులు రెండూ స్టీరింగ్ పైన కనబడేలా పెట్టి తల ఊపండి. దిగక తప్పకపోతే నాకు పదిసార్లు పనికొచ్చిన మంత్రం "ఆయ్తు అణ్ణా, బిడి. నందే తప్పు." అయిపోయింది, వదిలెయ్యండి, తప్పు నాదే అని. తప్పు అనే మాట రెండు భాషల్లోనూ ఒకటే కావడం మన అదృష్టం. వాడు వెంటపడితే ఇంటికి వెళ్లకండి, మీ ఇల్లు చూపించినట్టవుతుంది. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో పెట్రోల్ బంకుకో పోనివ్వండి.

అనువుగాని చోట అధికులమనరాదని మన పెద్దలు ఊరికే అనలేదు. "నందే తప్పు" అన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఆ మాట దాచను. ఎనిమిదేళ్లు సాధన చేసి ఎవడో పొట్టోడికి సారీ చెప్పానని ఒళ్లు మండింది. తర్వాత కాగితం తీసి చూశాను. కారు బంపర్ వదిలేసే వైపే ఉంది.

ఐదో మెట్టు: ఒళ్లు

ప్రమాదం ఎదురైతే ఒంట్లో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం బెదురు తగ్గుతుంది. అడ్రినలిన్ పొంగుతుంది. గుండె దడదడ, నోరు ఎండిపోవడం, మోకాళ్లు వణకడం. చూపు గొట్టంలోంచి చూసినట్టు సన్నబడుతుంది, చెవులు మూసుకుపోయినట్టుంటాయి. వేళ్లతో చేసే సున్నితమైన పనులు రావు, అందుకే ఫోన్ లాక్ తియ్యలేరు, తాళంచెవి పెట్టలేరు. చాలామంది బొమ్మలా బిగుసుకుపోతారు. అది పిరికితనం కాదు, చాలా జంతువుల్లో కూడా ఉన్న స్పందనే. ఫోన్ పోయిన రాత్రి నా చెయ్యి గాల్లో ఉండిపోయింది అందుకే.

బిగుసుకుపోయిన ఒంటిని కదిలించేది చిన్న పని. పగ్గాలు గుర్తున్నాయా? నా మొదటి పని ఎప్పుడూ ఒకటే: గట్టిగా గాలి వదిలి, ఎడమకాలు ముందుకు, రెండు చేతులూ అరచేతులు తెరిచి ఛాతీ ఎత్తుకు. దూరం నుంచి చూసేవాడికి "శాంతించు" అంటున్నట్టు ఉంటుంది. నిజానికి మొహానికి కాపలా, దూరానికి కొలత, తొయ్యడానికి సిద్ధం. రోజుకు ఇరవైసార్లు, నెల రోజులు. పళ్లు తోముకునే ముందు చెయ్యండి. ఆలోచన లేకుండా చేతులు లేచేదాకా రెండో పాఠానికి వెళ్లకండి. దడ తగ్గడానికి నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, నాలుగు ఆపి, నాలుగు వదిలి, నాలుగు ఆపడం కూడా అలవాటు చేసుకోండి. ట్రాఫిక్ సిగ్నల్ దానికి మంచి బడి.

ఆ తర్వాత నేర్చుకోవాల్సినవి కొద్దిగానే ఉన్నాయి. పిడికిలికి బదులు అరచేతి మడమతో ముక్కు, గడ్డం మీద కొట్టడం, ఎందుకంటే అలవాటులేని పిడికిలి ఎముకలు విరుగుతాయి. దగ్గరగా ఉంటే మోచెయ్యి. గజ్జలకు మోకాలు, మోకాలి కింద ఎముక మీద బూటు అంచు. మణికట్టు పట్టుకుంటే వాడి బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య ఖాళీ వైపు తిప్పి లాగడం. వెనక నుంచి వాటేసుకుంటే కిందికి కూలబడి బరువెయ్యడం. కింద పడితే తల నేలకు తగలకుండా గడ్డం ఛాతీకి ఆనించి, కాళ్లు వాడి వైపు ఉండేలా తిరగడం. దెబ్బ వేసేది గెలవడానికి కాదు, పరుగెత్తడానికి సందు దొరకడానికి. రెండు మూడు దెబ్బలు, వెంటనే వెలుతురు ఉన్న వైపు పరుగు.

కత్తి చూపించి పర్సు అడిగితే, పర్సు ఒకవైపు విసిరి ఇంకోవైపు పరుగెత్తండి. కత్తి లాక్కోవడం సినిమాల్లో బాగుంటుంది. క్లాసులో రబ్బరు కత్తికి లిప్‌స్టిక్ రాసి ప్రయత్నించాం. ఐదు నిమిషాల తర్వాత నా తెల్ల టీషర్టు చూసి మా ఆవిడ భోజనం మానేసింది.

ఇక దమ్ము. మీరు ఆఫీసుకు వేసుకునే బూట్లతో, బ్యాగుతో రెండొందల మీటర్లు ఆగకుండా పరుగెత్తగలరా? నాలుగంతస్తులు మెట్లెక్కి ఫోన్‌లో మీ అడ్రస్ స్పష్టంగా చెప్పగలరా? చెప్పలేకపోతే ముందు ఈ రెండూ చూడండి, దెబ్బలు తర్వాత.

ఆరో మెట్టు: ఎక్కడ నేర్చుకోవాలి

ఏ విద్య అన్నది రెండో విషయం. 1882లో కానో జిగొరో మొదలుపెట్టిన జూడో పడటం నేర్పుతుంది, నడివయసు దాటినవాళ్లకు దానంత ఉపయోగం ఇంకోటి లేదు. బాక్సింగ్ దెబ్బ తినడం అలవాటు చేస్తుంది. ఇమీ లిక్టెన్‌ఫెల్డ్ రూపొందించిన ఇజ్రాయెల్ పోరాట విద్య క్రావ్ మగా వీధి గొడవను దృష్టిలో పెట్టుకున్నది. మన తాలింఖానాల్లో నేర్పిన కర్రసాము దూరం, అడుగు రెండూ బాగా నేర్పుతుంది, గొడుగు చేతిలో ఉన్నరోజు దాని విలువ తెలుస్తుంది.

క్లాసులో చేరేముందు ఒకపూట కూర్చుని చూడండి. ఎదుటివాడు నిజంగా ప్రతిఘటించే సాధన ఉందా? అలసిపోయాక చేయిస్తున్నారా? పారిపోవడం గురించి గురువు ఒక్కసారైనా మాట్లాడాడా? ఈ మూడూ లేకపోతే అది వ్యాయామం, అంతే. కరాటేలో నా మూడేళ్లు అలాగే గడిచాయి, గాలిలో తన్నడంలో నేను దిట్టని. రెండు గంటల కార్పొరేట్ వర్క్‌షాప్ చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. అమ్మాయిలకు బెంగళూరు పోలీసుల రాణి చెన్నమ్మ పడె బృందం స్కూళ్లు, కాలేజీల్లో శిక్షణ ఇస్తుంటుంది. అవకాశం వస్తే వదులుకోకండి.

ఏడో మెట్టు: జేబులో ఏముండాలి

ఫోన్‌లో ఎమర్జెన్సీ ఏర్పాటు ఈరోజే చెయ్యండి. కేంద్రం 2016లో తెచ్చిన నిబంధనల వల్ల మన దేశంలో అమ్మే ఫోన్లలో పానిక్ బటన్ ఉంటుంది. పవర్ బటన్ వెంటవెంటనే నొక్కితే కాల్ వెళుతుంది. కొన్నిట్లో మూడుసార్లు, కొన్నిట్లో ఐదుసార్లు. మీదాంట్లో ఎన్నిసార్లో సెట్టింగ్స్‌లో చూసి, మీవాళ్ల నంబర్లు చేర్చండి. కర్ణాటకలో పోలీసు, అగ్నిమాపక, అంబులెన్స్ అన్నిటికీ 112. దగ్గర్లోని హొయ్సళ గస్తీ బండి వస్తుంది. నగరంలో కొన్ని చోట్ల సేఫ్టీ ఐలాండ్ అనే స్తంభాలున్నాయి. బటన్ నొక్కితే పోలీసు కంట్రోల్ రూంతో నేరుగా మాట్లాడొచ్చు. మీ దారిలో ఉందేమో చూసి పెట్టుకోండి.

విజిల్, చిన్న టార్చి మంచివి. పెప్పర్ స్ప్రే కొంటే రెండు కొనండి, ఒకటి మేడ మీద సాధనకు. గాలికి ఎదురుగా కొట్టి నా కళ్లే మండించుకున్నాను కాబట్టి చెబుతున్నాను. ఎక్స్‌పైరీ చూడండి. బ్యాగు అడుగున లిప్‌బామ్‌ల మధ్య ఉంటే లేనట్టే. విమానం క్యాబిన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. కత్తి వద్దు. మీ చేతిలోంచి లాక్కుంటే దాని మొన మీ వైపు తిరుగుతుంది.

ఎనిమిదో మెట్టు: చట్టం ఎంతవరకు మీ వెనక ఉంది

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. 35 ప్రకారం మీ ఒంటినే కాదు, ఇంకొకరి ఒంటిని కాపాడే హక్కు కూడా మీకుంది. 40 ప్రకారం ప్రమాదం ఉందని సహేతుకమైన భయం కలిగిన క్షణం నుంచే ఆ హక్కు మొదలవుతుంది, మొదటి దెబ్బ పడేదాకా ఆగక్కర్లేదు. భయం ఉన్నంతసేపే ఉంటుంది. వాడు పడిపోయాక, పారిపోతున్నప్పుడు కొడితే అది ఆత్మరక్షణ కాదు. 37 ప్రకారం అవసరానికి మించి హాని చెయ్యకూడదు, పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఈ హక్కు వర్తించదు. 38లో ప్రాణం తీసేదాకా వెళ్లదగిన సందర్భాలు ఉన్నాయి: చావు భయం, తీవ్ర గాయం భయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటివి. నా కాగితంలో "వదలను" వైపు ఉన్నవి దాదాపు ఇవే కావడం కాకతాళీయం కాదు. ఈ సెక్షన్లు చదివాకే దాన్ని తిరగరాశాను.

ప్రాణభయంలో ఉన్నవాడు దెబ్బను బంగారం తూకం వేసినట్టు కొలిచి కొట్టలేడని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో అంది. అలాగని చేతికి దొరికింది వాడెయ్యొచ్చని కాదు. 2024లో కర్ణాటక హైకోర్టు ఒక గొడవలో పెప్పర్ స్ప్రే వాడినవాళ్లపై కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. తక్షణ ప్రాణాపాయం కనబడటం లేదని, అది ప్రమాదకరమైన ఆయుధమేనని అంది. పార్కింగ్ తగాదాలో స్ప్రే తీసేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

తొమ్మిదో మెట్టు: అయిపోయాక

ముందు వెలుతురు, మనుషులు ఉన్న చోటికి. తర్వాత ఒళ్లంతా తడుముకుని రక్తం ఎక్కడైనా కారుతోందేమో చూడండి. అడ్రినలిన్‌లో గాయం నొప్పి తెలియదు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టి వదలకండి. అవతలివాళ్లకంటే ముందు మీరే 112కి ఫోన్ చెయ్యండి. ఎక్కడున్నారు, ఏం జరిగింది, సాయం కావాలి, ఈ మూడు ముక్కలు చాలు. చుట్టూ చేరినవాళ్లకు "ఎలా ఇచ్చానో చూశారా" అని వీరగాథలు చెప్పకండి, ఆ మాటలు సాక్ష్యాలవుతాయి. చూసినవాళ్ల నంబర్లు తీసుకోండి. ఎదురుగా ఉన్న కొట్టు కెమెరా రికార్డింగ్ చెరిగిపోకముందే దాచమని అడగండి. కమిలిన చోట్లు ఆ రోజు, మర్నాడు ఫోటోలు తియ్యండి. ఆసుపత్రిలో దాడిలో తగిలిన గాయమని చెప్పి రాయించుకోండి.

ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఫోన్ పోతే ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని పోయిన ఫోన్లను పనిచెయ్యకుండా ఆపే ప్రభుత్వ వెబ్‌సైట్ సీఈఐఆర్ పోర్టల్‌లో బ్లాక్ చేయించండి.

రెండు మూడు వారాలు నిద్ర పట్టకపోవచ్చు. బైక్ శబ్దం వింటే ఉలిక్కిపడొచ్చు. నాకు నెలపాటు అలాగే ఉంది, ఎవరికీ చెప్పలేదు, అది నేను చేసిన తెలివితక్కువ పని. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ప్రధాన కేంద్రంగా 2022లో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

పోయిన నెల చిన్నాన్న కూతురు రాత్రి పదకొండుకు ఫోన్ చేసింది. షిఫ్ట్ నుంచి వస్తుంటే సందులో ఒకడు వెంటపడ్డాడట. ఆగి, వెనక్కి తిరిగి, చేతులు ఛాతీ ఎత్తుకు లేపి "హత్తిర బరబేడ!" అని అరిచిందట. మూల మీద బేకరీ ఆయన షట్టర్ సగం దించినవాడు మళ్లీ పైకెత్తాడు. వాడు వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

"112కి చేశావా?"

"చేశానన్నా, బండి వస్తోంది. చేతులు ఒకటే వణుకుతున్నాయి."

"వణకనీ. ఎక్కడున్నావు?"

"బేకరీలోనే. అంకుల్ బన్ను ఇచ్చాడు, తింటున్నా."